బడి పాలు మంచివేనా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల బెంగళూరు తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడిలో పిల్లలకు పోసే పాల గురించే. పాడి పరిశ్రమలోనూ, పిల్లల పోషకాహారంలోనూ పనిచేసేవాళ్లు కలిసి రాసిన జవాబులివి. ఒకేలాంటి ప్రశ్నల్ని ఒకటిగా కలిపేశాం.

మా బాబు ప్రభుత్వ బడిలో మూడో తరగతి. అక్కడ పొడి కలిపిన పాలు ఇస్తారు. పొడి పాలలో సారం ఉండదని, తాగొద్దని మా అత్తగారు అంటున్నారు. ఆపించాలా?
— ఒక తల్లి, కె.ఆర్.పురం

ఆపించకండి. పాలపొడి అంటే నీళ్లు తీసేసిన పాలే. చిక్కబరిచిన పాలను వేడిగాలిలోకి సన్నటి తుంపరలా చల్లితే నీరు ఆవిరైపోయి పొడి మిగులుతుంది. మాంసకృత్తులు, కొవ్వు, కాల్షియం అందులోనే ఉంటాయి. పోయేది కొద్దిగా బి విటమిన్లు, పాలలో ఎలాగూ అంతంతమాత్రంగా ఉండే సి విటమిను. ఇంట్లో ప్యాకెట్ పాలను రెండు మూడుసార్లు కాచినా బి విటమిన్లు అలాగే తగ్గుతాయి.

కర్ణాటకలో క్షీరభాగ్య పథకం 2013 ఆగస్టు 1న మొదలైంది. ముందు వారానికి మూడు రోజులే ఇచ్చేవారు, 2017 నుంచి ఐదు రోజులకు పెంచారు. పొడిని కర్ణాటక పాల సమాఖ్య, అంటే నందిని వాళ్లు సరఫరా చేస్తారు. కొలత పిల్లకు 18 గ్రాముల వెన్న తీయని పాలపొడి, దానితో 150 మిల్లీలీటర్ల పాలు. ఈ లెక్క మీ అత్తగారికి చూపించండి. 150కి 18 అంటే నూటికి 12 పాళ్లు ఘనపదార్థం. మీరు కొనే నీలం ప్యాకెట్ టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, కొవ్వు కాక మిగతా ఘనపదార్థం (పాలకేంద్రంలో ఎస్‌ఎన్‌ఎఫ్ అంటారు) 8.5 శాతం, రెండూ కలిపితే 11.5. సరిగ్గా కలిపితే బడి పాలే కాస్త చిక్కన.

ఆ గ్లాసులో సుమారు 4.5 గ్రాముల మాంసకృత్తులు, 160 మి.గ్రా. పైచిలుకు కాల్షియం, చక్కెర వేయకముందు 90 కేలరీల దాకా ఉంటాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 650 మి.గ్రా. కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే పావు వంతు బడిలోనే అందుతోంది.

అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. గిట్టుబాటు కోసమో, సరుకు ఆలస్యమయ్యో 18 గ్రాములు వేయాల్సిన చోట 12 వేస్తే ఘనపదార్థం 8 శాతానికి పడిపోతుంది. చూడ్డానికి తెల్లగానే ఉంటుంది, నోట్లో నీళ్లు. బాబు "పాలు నీళ్లలా ఉన్నాయి" అంటే కొట్టిపారేయకండి. ఆ రోజు హాజరెంత, ఎన్ని కిలోల పొడి వాడారు అని అడగండి. వంద మంది పిల్లలకు 1.8 కిలోలు. ఇంకే పరీక్షా అక్కర్లేదు.

బస్తా మీద రాసింది కూడా చదవాలి. వెన్న తీయని పొడిలో కొవ్వు కనీసం 26 శాతం ఉండాలి. వెన్న తీసిన పొడి, అంటే స్కిమ్డ్ మిల్క్ పౌడర్‌లో అది 1.5 శాతం మించదు; దానితోపాటు ఎ విటమినూ పోతుంది. ఇక టీ కోసం అమ్మే డెయిరీ వైట్‌నర్‌లో ముందే చక్కెర కలిపి ఉంటుంది. పిల్లలకు గ్లాసుడు పోయడానికి అది తగదు.

నేను మా బడి ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) సభ్యుణ్ని. సుమారు 120 మంది పిల్లలు. పాలలో ఉండలు కడుతున్నాయి, ఒక్కోసారి విరిగిపోతున్నాయి, ఈ మధ్య మాడు వాసన కూడా. వంటావిడ పొడే బాగోలేదంటోంది. సరైన పద్ధతి చెప్పండి.
— బొమ్మనహళ్లి

మూడు తప్పులకూ కారణాలు వేరు. పొడి నాసిరకమనే ముందు నీళ్ల వేడి చూడాలి.

మరుగుతున్న నీళ్లలో పొడి వేస్తే ప్రతి ముద్ద పైపొర వెంటనే తడిసి జిగటగా మూసుకుపోతుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. అవే ఉండలు. చన్నీళ్లలో వేస్తే పొడిలోని కొవ్వు తడవనివ్వక పైన తేలుతుంది. కావాల్సింది 40 నుంచి 50 డిగ్రీల వేడి. థర్మామీటర్ లేకపోతే నాలుగు చుక్కలు మణికట్టు మీద వేసుకుంటే కాలకుండా బాగా వెచ్చగా తగలాలి.

120 మందికి 18 లీటర్ల పాలు కావాలి. పొడి 2 కిలోల 160 గ్రాములు. నీళ్లు 16.5 లీటర్లు, ఆవిరికి పోయేది కలిపి 17. పొడి కూడా చోటు తీసుకుంటుందని మరిచి 18 లీటర్ల నీళ్లు పోసేవాళ్లే ఎక్కువ. ముందు నీళ్లన్నీ మరిగించండి. అందులో నాలుగైదు లీటర్లు వేరే స్టీలు గిన్నెలోకి తీసి, చెప్పిన వేడికి చల్లారనివ్వండి. పొడిని జల్లించి, కొద్దికొద్దిగా వేస్తూ కవ్వంతో చిలకండి. దోసెపిండిలా నున్నగా జారాలి. ఐదు నిమిషాలు అలా వదిలేస్తే మిగిలిన చిన్న పలుకులు కూడా నాని కరుగుతాయి. అప్పుడు దీన్ని పెద్ద గిన్నెలో మిగిలిన వేడి నీళ్లలో పోస్తూ కలిపి, మధ్యస్థ మంట మీద ఒక్క పొంగు రానివ్వాలి. గరిటె అడుగు తగిలేలా తిప్పుతూనే ఉండాలి. చక్కెర మాత్రం దించాకే. ముందే వేస్తే అడుగున పట్టుకుని మాడుతుంది. మీ మాడు వాసనకు సగం కారణం అదే అయివుంటుంది, మిగతా సగం పలుచటి అల్యూమినియం గిన్నె.

విరగడానికి మూల కారణం రెండిట్లో ఒకటి. గిన్నె మూలల్లోనో, కవ్వం పళ్ల మధ్యో నిన్నటి పాలు మిగిలి పులవడం మొదటిది. గిన్నెను సబ్బుతో తోమి, మరిగే నీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టాలి; గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డలోని క్రిములన్నీ మళ్లీ గిన్నెలోకే. రెండోది నీళ్లు. పొడి పాలలో పదింట దాదాపు తొమ్మిది వంతులు మీ బడి నీళ్లేనని గుర్తుంచుకోండి. కావేరి నీళ్లు వచ్చే రోజు బాగుండి, బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో పోసిన రోజు విరుగుతున్నాయంటే లవణాల గోలే. అలాంటి గట్టి నీళ్లలో పాలు వేడికి తేలిగ్గా విరుగుతాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ నైట్రేట్లు, ఫ్లోరైడు పోవు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడతాయి. బోరు నీళ్లే గతి అయితే ఏడాదికోసారైనా పరీక్ష చేయించి, పాలకు మాత్రం శుద్ధి యంత్రం నీళ్లు వాడండి.

పొడి నిల్వ సంగతి. విప్పిన సంచిని గట్టి మూత ఉన్న పొడి డబ్బాలోకి మార్చాలి. నేల మీద కాకుండా చెక్క పలక మీద, గోడకు దూరంగా ఉంచాలి. పాలపొడి పక్కనున్న వాసనల్ని పీల్చుకుంటుంది కాబట్టి ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ ఉన్న గదిలో వద్దే వద్దు. తడి గరిటె పెడితే గడ్డ కడుతుంది. వేలితో నలిపితే విడిపోయే మెత్తటి గడ్డ పరవాలేదు. రాయిలా బిగుసుకుపోయినా, రంగు పసుపు గోధుమకు మారినా, పాత నూనె వాసన వచ్చినా ఆ సంచి పక్కన పెట్టి రాతపూర్వకంగా వెనక్కి పంపండి.

పాలు తాగి పిల్లలకు వాంతులని అప్పుడప్పుడూ పేపర్లో చూస్తుంటాం. "బల్లి పడింది" అంటారు. నిజంగా జరిగేదేమిటి?
— హెబ్బాళ

ఇంటి బల్లికి విషం లేదు. దాని ఒంటి మీద, పేగుల్లో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు కాబట్టి బల్లి పడిన పాలు పారబోయాల్సిందే. అయితే తాగిన అరగంటకో గంటకో వాంతులయ్యాయంటే అది సాల్మొనెల్లా పని కాదు, దానికి సాధారణంగా ఆరు గంటలకు పైగా పడుతుంది.

అసలు దోషి ఎక్కువగా పాలు దించాక గడిచిన సమయం. పెద్ద గిన్నెలో 18 లీటర్ల పాలు తొందరగా చల్లారవు. 60 డిగ్రీల కిందికి దిగాక గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటాయి, క్రిములకు కావాల్సింది ఆ వేడే. వాటి సంఖ్య అరగంట తిరక్కుండానే రెట్టింపవుతుంది. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు పొడిలోనే ఉండి మరిగించినా చావవు, తీరిక దొరికితే మొలకెత్తుతాయి. వడ్డించేవాళ్ల చేతి పుండు నుంచో, ముక్కు నుంచో వచ్చే స్టెఫిలోకాకస్ క్రిమి పాలలో విషం వదులుతుంది. మళ్లీ కాస్తే క్రిమి చస్తుంది గానీ ఆ విషం పోదు. అందుకే "చల్లారాయి, ఇంకోసారి వెచ్చబెట్టి పోద్దాం" అన్న మాట ప్రమాదం. తాగిన గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులంటే ముందు అనుమానించాల్సింది ఈ రెండిటినే.

కాబట్టి పాలు దించిన అరగంటలో పోయడం మొదలుపెట్టి, గంటలో ముగించాలి. గిన్నె మీద మూత, మూత మీద గరిటె కాదు, గరిటెకు వేరే పళ్లెం. చల్లార్చాలంటే గ్లాసుల్లో చల్లార్చండి, గిన్నెలో కాదు. చిన్న తరగతుల పిల్లలకు మరీ వేడిగా అందించినా నోరు కాలుతుంది, ఒలికితే ఒళ్లు కాలుతుంది. మిగిలిన పాలు మధ్యాహ్నం బిసియూటలోకీ (బడి భోజనంలోకీ), రేపటి పాలలోకీ వెళ్లకూడదు. పిల్లలకు పోసేముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నియమం మంచిదే. విరిగినా మాడినా తెలుస్తుంది, క్రిమి విషం మాత్రం రుచికి దొరకదు. రోజూ ఒక గ్లాసు పాలు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచితే, ఏదైనా జరిగితే పరీక్షకు పనికొస్తుంది.

ఒకరికి వాంతయితే చూసిన భయంతో ఇంకో పదిమందికి కడుపు తిప్పడం కూడా బడుల్లో మామూలే. అలాగని ఇది భయమేనని బడిలో కూర్చుని ఎవరూ తేల్చేయకూడదు. పిల్లల్ని ఆసుపత్రికి పంపి, మిగిలిన పాలను పారబోయకుండా దాచాలి.

మా పాపకు బడిలో పాలు తాగిన రోజు కడుపునొప్పి, గ్యాస్. ఇంట్లో పెరుగన్నం తింటే ఏమీ కాదు. పాలు పడవని బడికి రాసివ్వాలా?
— యలహంక

మీరు చెప్పిన లక్షణం చాలావరకు లాక్టోజ్ సరిపడకపోవడమే. పాలలోని చక్కెరను విరగ్గొట్టే ఎంజైము పసితనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది, దక్షిణాదిలో ఇది చాలా సామాన్యం. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి వెళ్లి పులిసి గ్యాస్, నొప్పి, ఒక్కోసారి నీళ్ల విరేచనం తెస్తుంది. పెరుగులో తోడు క్రిములు లాక్టోజ్‌ను కొంత తినేసి, మిగతాది అరగడానికీ సాయపడతాయి. అందుకే పెరుగన్నం పడుతోంది.

150 మిల్లీలీటర్ల పాలలో లాక్టోజ్ సుమారు 7 గ్రాములు. ఎంజైము తక్కువున్నవాళ్లలో కూడా చాలామంది ఒక విడతకు 12 గ్రాముల దాకా తట్టుకుంటారు. తేడా ఎక్కడొస్తుందంటే ఖాళీ కడుపు. బడి బస్సు తొందరలో ఏమీ తినకుండా వెళ్లి పాలు తాగే పిల్లలకే ఈ బాధ ఎక్కువ. వారం పది రోజులు పాలు పూర్తిగా ఆపండి. నొప్పి పోతే, ఒక ఇడ్లీయో రెండో తినిపించాక 50 మి.లీ.తో మొదలుపెట్టి, రెండు రోజులకోసారి 100కు, 150కి పెంచండి. ఏ కొలత దగ్గర నొప్పి వస్తే దాని కింద ఆగి, అంతే పొయ్యమని టీచరమ్మకు చెప్పండి. పాలు ఆపినా నొప్పి పోకపోతే అది పాల వల్ల కాదు, డాక్టరుకు చూపించాలి.

పాల అలర్జీ వేరే. అది పాలలోని మాంసకృత్తులకు ఒంటి రక్షణ వ్యవస్థ తిరగబడటం. తాగిన నిమిషాల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఆయాసం వస్తాయి. అలాంటి పిల్లకు చుక్క కూడా పోయకూడదు, పెరుగూ పనికిరాదు. అప్పుడు మాత్రం డాక్టరు చీటీతో రాసివ్వండి. 2024 నుంచి పాలలో రాగి పిండి మిశ్రమం కూడా కలిపి ఇస్తున్నారు కదా, "రాగి జావే కదా" అని దాన్ని తాగించే పొరపాటు జరగకుండా చూడండి.

పాలు ఇచ్చే రోజే ఐరన్ మాత్ర కూడా ఇస్తున్నారు. రెండూ కలిపి మింగొచ్చా?
— రాజాజీనగర

వద్దు. పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మధ్యాహ్నం భోజనమయ్యాక నీళ్లతో మింగితే పాలకూ మాత్రకూ దూరం వస్తుంది, ఖాళీ కడుపున వచ్చే వికారమూ ఉండదు. ఆ పూట అన్నంలో నిమ్మకాయ ఉంటే ఇంకా మంచిది. టీ, కాఫీ కూడా మాత్రకు గంట రెండు గంటల దూరంలో ఉండాలి. ఈ సందర్భంలోనే ఇంకో మాట: పాలలో ఐరన్ దాదాపు లేదు. రోజుకు లీటరు పాలు తాగి అన్నం ముట్టని చిన్నపిల్లలు బొద్దుగానే ఉంటారు, రక్తం మాత్రం ఉండదు. అర లీటరు చాలు, పెరుగుతో కలిపి.

మాది ప్రైవేటు బడి, పాలు వాళ్లివ్వరు. ఫ్లాస్కులో పంపాలా, చాక్లెట్ పాల డబ్బా కొనిపెట్టాలా?
— మారతహళ్లి

ఫ్లాస్కు అయితే ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడే పొంగిన పాలను నిండా పోయండి. సగం నింపితే తొందరగా చల్లారుతుంది. పదిన్నర విరామం లోపు తాగేయాలి, సాయంత్రం బస్సులోకి దాచుకోకూడదు. మూత లోపలి రబ్బరు రింగును రోజూ ఊడదీసి కడగండి. ఫ్లాస్కు పాలు పులవడానికి చాలాసార్లు కారణం ఆ రింగే.

అట్టపెట్టె పాలు 135 డిగ్రీల పైన కొన్ని క్షణాలు వేడిచేసి, క్రిమిరహితంగా నింపినవి. విప్పేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు, ప్రిజర్వేటివ్ కూడా అక్కర్లేదు. రుచులు కలిపినవైతే లేబుల్ వెనక లెక్క చూడండి. 100 మి.లీ.కి మొత్తం చక్కెర 12 గ్రాములని ఉంటే 200 మి.లీ. డబ్బాలో 24. అందులో పాల సొంత చక్కెర ఓ 10 తీసేస్తే మిగిలిన 14 గ్రాములు పైన కలిపింది, అంటే దాదాపు మూడు చెంచాలు. పిల్లలకు రోజుమొత్తానికి పైచక్కెర 25 గ్రాములు దాటకూడదు. పాలలో కలిపే చాక్లెట్ పొడులదీ అదే కథ. వాటిని "హెల్త్ డ్రింక్" పేరు కింద అమ్మొద్దని ఆన్‌లైన్ దుకాణాలకు 2024 ఏప్రిల్‌లో కేంద్రమే చెప్పింది.

పాలలో యూరియా, సర్ఫు కలుపుతున్నారని వాట్సాప్‌లో రోజూ వీడియోలు. ఇంట్లో పరీక్షించే మార్గం?
— పేరు వద్దన్న పాఠకుడు, విజయనగర

నున్నటి వాలు పలక మీద ఒక చుక్క వేయండి. మంచి పాలు నిలుస్తాయి, లేదా తెల్లటి చార వదులుతూ మెల్లగా జారతాయి. నీళ్లు కలిపినవి చార లేకుండా జర్రున పోతాయి. సర్ఫుకు 10 మి.లీ. పాలు, అంతే నీళ్లు సీసాలో పోసి గట్టిగా ఊపండి. చిక్కటి నురగ నిలిచిపోతే అనుమానించాలి; మామూలు పాలకు పలుచటి నురగే వస్తుంది. గంజికి కాచి చల్లార్చిన పాలలో రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేస్తే నీలం రంగు. యూరియాకు చెంచా పాలలో అర చెంచా కందిపప్పు పొడి కలిపి, ఐదు నిమిషాలాగి, ఎర్ర లిట్మస్ కాగితం అర నిమిషం ముంచాలి. నీలమైతే యూరియా ఉన్నట్టు.

ఆ వీడియోలు చూపించినంత ఘోరం అంకెల్లో లేదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతా 6,432 నమూనాలు తీస్తే, ఆరోగ్యానికి ముప్పయ్యే కల్తీ దొరికినవి 12. మా ఆందోళన ఇంట్లో దొరకని వాటి గురించి: బూజు పట్టిన దాణా నుంచి పాలలోకి వచ్చే అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం, పశువుకు వేసిన యాంటీబయాటిక్స్ అవశేషాలు. కాచినా అఫ్లాటాక్సిన్ పోదు, ప్రయోగశాలలోనే తేలుతుంది. విడిగా పోసే పాలకన్నా, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్న ప్యాకెట్‌ను నిలదీయడం తేలిక. అనుమానముంటే ప్యాకెట్ పారేయకుండా ఫొటో తీసి, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి.

ఎదురుగా పిండి పోసే ఆవుపాలు కాచకుండా తాగితే బలమంటారు. పిల్లలకు ఇవ్వొచ్చా?
— దేవనహళ్లి

ఇవ్వకూడదు. బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి సోకే ఒక జ్వరం), పశువుల క్షయ పచ్చిపాల ద్వారా కూడా వస్తాయి, ఆవు చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా సరే. ఒక్క పొంగు వచ్చాక రెండు నిమిషాలు సన్న సెగన ఉంచితే చాలు.

మావాడు పాల వాసనకే ఆమడ దూరం పరిగెడతాడు. బడిలో గ్లాసు పక్కవాడికిచ్చేస్తాడు. బాదం పాలో, ఓట్స్ పాలో అలవాటు చేయమంటారా?
— సర్జాపుర

అవి పేరుకే పాలు. విడిగా కాల్షియం కలిపితే తప్ప వాటిలో అది తక్కువ, మాంసకృత్తులు ఇంకా తక్కువ. సోయా పాలలో మాంసకృత్తులు ఫరవాలేదు, అవీ కాల్షియం కలిపినవే కొనాలి.

పాలు తాగకపోతే బలవంతం వద్దు. రెండు పూటలా చిన్న గిన్నె పెరుగు, 30 గ్రాముల పిండితో ఒక రాగి సంకటి ముద్ద (100 మి.గ్రా. కాల్షియం), పొట్టు తీయని నువ్వులతో ఒక ఉండ (10 గ్రాముల నువ్వుల్లో వంద పైనే) తింటే పాల లోటు చాలావరకు తీరుతుంది. మాంసాహారులైతే ముల్లుతో నమిలే చిన్న చేపలు వీటన్నిటినీ మించిపోతాయి. నువ్వుల్లోని, ఆకుకూరల్లోని కాల్షియం పాలదంత బాగా ఒంటబట్టదు కాబట్టి పెరుగును మాత్రం మాన్పించకండి. అదీ తిననంటే కాస్త అల్లం, కరివేపాకు దంచి వేసి, తాలింపు పెట్టిన మజ్జిగపులుసు ఇచ్చి చూడండి. పాల వాసన గిట్టని పిల్లలు చాలామంది దాన్ని గుర్తుపట్టరు.